పేరు కింద గీత

మా సంఘం హాల్లో ఎవరి పేరూ లేనిది గోడ మీది బల్లి ఒక్కటే. మిగతా ప్రతి వస్తువుకూ ఒక దాత ఉన్నాడు. కుర్చీల వీపుల మీద పేర్లు, నీళ్ల డ్రమ్ము మీద పేరు, చీపురు తగిలించే మేకు పక్కన కూడా 'కీర్తిశేషులు' అని మొదలయ్యే చిన్న రాత. సిరిసిల్ల, కరీంనగర్ చుట్టుపక్కల పల్లెల నుంచి సూరత్ వచ్చి మగ్గాలు నడుపుకుంటున్న మాకు అక్కడే లింబాయత్‌లో ఒక రేకుల హాలు ఉంది. ఆ హాలుకు ఒక సంఘం, ఆ సంఘానికి నేను కార్యదర్శిని. నా పేరు సోమలింగం. ఇరవై ఏళ్లు మగ్గం మీద నిలబడి, ఇప్పుడు అదే కార్ఖానాలో తయారైన తానుల్ని తిప్పి చూసి పంపే పనిలో ఉన్నాను. చేతిరాత గుండ్రంగా ఉంటుందని మీటింగుల మినిట్స్ రాసే బాధ్యత నాకు అప్పగించారు. జరిగిన తప్పులో సగం ఆ గుండ్రటి చేతిరాతలోనే ఉంది కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను.

పగటిపూట హాలు ఆడవాళ్లది. పన్నెండు మంది కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తారు. నా భార్య నర్సవ్వ వాళ్లకు పెద్ద. చెక్క చట్రానికి చీర బిగించి, గమ్ము చుక్క పెట్టి, రాయి అంటించి, అది ఆరేదాకా చీరను కదపకూడదు. గాలి బాగా తగిలితే గమ్ము గంటలో ఆరుతుంది. తగలకపోతే రాళ్లు జారతాయి, జారిన చీరను వ్యాపారి మొహాన కొట్టి పంపుతాడు. పైగా ఏప్రిల్ వచ్చిందంటే ఆ రేకుల కింద మనుషులకే ఊపిరాడదు. ఒక ఫ్యాను ఇప్పించమని ఆడవాళ్లు సంఘాన్ని అడిగారు.

అధ్యక్షుడు బుచ్చిరాములు వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన కూడా ఒకప్పుడు మాతో పాటు రాత్రి పాళీ చేసినవాడే. ఇప్పుడు నలభై ఎనిమిది మగ్గాలకు యజమాని. పేరు సంగతి రానంతవరకు చాలా మంచి మనిషి. ఆయనకు ముందు అధ్యక్షుడిగా ఉన్న బ్రహ్మచారి, తాను ఇచ్చిన కూలర్ మీద పేరును ఎర్ర రంగుతో రాయించుకున్నాడు. ఎన్నికల్లో ఓడిపోయిన మర్నాడే ఆ కూలర్‌కు ఆకుపచ్చ రంగు పడింది. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. బుచ్చిరాములు చొక్కా చేతికి మాత్రం రెండు రోజులు ఆకుపచ్చ మరక ఉంది.

"రంగును నమ్మద్దు సోమలింగం," అన్నాడు ఆయన నాతో. "ఇవ్వాళ మనం తుడిచినం, రేపు మనది ఇంకోడు తుడుస్తడు. పేరంటే చెక్కాలె."

ఉధ్నాలో మూతబడిన మిల్లు నుంచి మనిషెత్తు స్టాండు ఫ్యాను ఒకటి తెచ్చారు. మోటారు బాగానే ఉంది, రెక్కలే తుప్పు పట్టి రాలిపోయాయి. కొత్త రెక్కలు చేసింది సదానందం. మా కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే జాబర్ అతను. పదో తరగతి తప్పాడు కానీ ఇనుము ఏమంటుందో వినగలడు. మిల్లీమీటరు మందం రేకును మూడు ముక్కలుగా కోసి, గుండ్రటి దుంగ మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టి ఒంపు తెచ్చాడు. పలచటి రేకు కదా, చెప్పినట్టు ఒంగింది. ఫ్యాను వేస్తే హాలు చివరి గోడకు ఉన్న క్యాలెండరు లేచి కొట్టుకుంది. ఆ రోజు నర్సవ్వ ఇంటికి వచ్చి, "పానం లేచొచ్చింది," అంది. అంతవరకు ఎవరి తప్పూ లేదు.

తర్వాత బుచ్చిరాములు రెక్కలు ఊడదీయించాడు. మూడు రెక్కలు, మూడు పేర్లు. మొదటిది ఆయనది. రెండోది మా గౌరవ సాంకేతిక సలహాదారు ఆదిశేషయ్య గారిది. ఆయనది తెనాలి దగ్గర ఊరు, సూరత్ పక్కనే హజీరాలో ఒక పెద్ద కంపెనీలో పెద్ద ఇంజనీరు. జానెడు మందం ఉక్కుతో ఇంత ఇంత గుండ్రటి పాత్రలు చేసే చోట పని. ఏడాదికి రెండుసార్లు వచ్చి శాలువా కప్పించుకుని వెళ్తారు. మూడో రెక్క మీద నా పేరు. దాచడం ఎందుకు, నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. ఇరవై ఏళ్లలో నేను నేసిన బట్ట పరిస్తే సూరత్ నుంచి సిరిసిల్ల దాకా వస్తుందేమో, అందులో ఒక్క జానెడు మీద కూడా నా పేరు లేదు. రెక్క మీద 'సోమలింగం, కార్యదర్శి' అని ఉలితో చెక్కిన అక్షరాలు చూసి ఫోటో తీసి ఊళ్లో మా బావమరిదికి పంపాను. అంతటితో ఆగినా బాగుండేది.

"కింద గీత లేకపోతే పేరుకు నిండుదనం రాదు," అన్నాను.

మా వాళ్లు సంతకం పెట్టినా, పెళ్లి పత్రిక అచ్చు వేయించినా, పేరు కింద గీత ఉండి తీరాలి. గీత లేని పేరు చెప్పుల్లేని కాళ్లతో పెళ్లికి పోయినట్టు ఉంటుంది మాకు. బుచ్చిరాములుకు నా మాట నచ్చింది. ప్రతి రెక్క మొదట్లో, పేరు కింద, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా గీత కొట్టించాడు. అధ్యక్షుడు కాబట్టి తనకు రెండు గీతలు.

సదానందం మాత్రం తల గోక్కున్నాడు. "అన్నా, అక్షరాలు అంటే ఉండనీ. గా గీత వద్దే. మనం తానును చింపాల్నంటే ఏం జేస్తం? అంచుకు చిన్న గాటు పెట్టి గుంజుతం. గిది గట్లనే అయితది."

"ఇనుము బట్ట ఎట్లయితది రా?" అని నేను నవ్వాను.

ఇంకొక చిక్కు వచ్చింది. ఫ్యాను ముందుండే తీగల జాలీ పేర్లకు అడ్డం వస్తోంది. జాలీ తీసి మూలన పెట్టారు. జాలీ తీసినా ఫ్యాను తిరుగుతుంటే పేర్లు కనబడవు కదా. దానికి మీటింగు ఉన్నప్పుడు ఫ్యాను ఆపేయాలని తీర్మానించాం. మే నెల ఎండలో ఫ్యాను దానం చేసినవాళ్లం, ఫ్యాను ఆపుకుని, దాని ఎదుట చెమటలు కక్కుకుంటూ, మా పేర్లు మేం చదువుకుంటూ కూర్చునేవాళ్లం.

రెండు నెలలకు మొదటి రెక్క పగిలింది. బుచ్చిరాములుది. అది పగిలిన తీరు చెప్పాలి. ముందు రెండు రోజులు తకతకమని చప్పుడు వచ్చింది. మూడో రోజు గాలి ఒక పక్కకు పోతోందని నర్సవ్వ గమనించి స్విచ్చి ఆపింది. చూస్తే గీత దగ్గర రెండు వేళ్ల పొడుగున చిరిగి ఉంది. చిరిగిన అంచు సాగి, నలిగి, ముడుచుకుంది. రెక్క ఒక పక్కకు వాలింది కానీ ఊడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

అత్యవసర సమావేశం పెట్టాం. ఆదిశేషయ్య గారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు బుచ్చిరాములు. అటువైపు పెళ్లి భోజనాల గోల వినబడుతోంది.

"రెక్క మందం ఎంతండీ?" అన్నారు ఆయన.

"ఒక్క మిల్లీమీటరు సార్."

"నా చేతిలో అప్పడం అంతకంటే మందంగా ఉందండీ. రెండు వేయించండి. ఉంటాను, సాంబారు వస్తోంది."

నేను మినిట్స్‌లో ఇలా రాశాను: 'సాంకేతిక సలహాదారులు క్షుణ్ణంగా పరిశీలించిన మీదట, రెక్క విరుగుటకు కారణము మందము చాలకపోవుట అని తేల్చినారు.' క్షుణ్ణంగా, పరిశీలించిన మీదట, తేల్చినారు, ఈ మూడూ నేను కలిపినవే. ఆయన పరిశీలించింది సాంబారును.

రెండు మిల్లీమీటర్ల రేకు సదానందం దుంగ మీద సరిగ్గా ఒంగలేదు. ఒంపు తగ్గింది, దాంతో గాలి తగ్గింది. క్యాలెండరు కదలడం మానేసింది. రేకు మందం పెరిగింది కదా అని బుచ్చిరాములు ఈసారి ఉలిని ఇంకా లోతుగా దింపించాడు. "పలచగ ఉన్నప్పుడు జర భయమయ్యేది. ఇప్పుడు మంచిగ దించుండ్రి," అన్నాడు. అయిదు వారాలకు ఆదిశేషయ్య గారి రెక్క పగిలింది. ఈసారి తకతకలు రెండు రోజులు కాదు, ఒక్క పూటే వచ్చాయి. నర్సవ్వ స్విచ్చి దగ్గరికి పోయేసరికి సగం రెక్క తెగి వేలాడుతోంది.

ఈసారి సలహాదారు గారిని స్వయంగా పిలిపించాం. సదానందం తెగిన రెక్కను గుడ్డలో చుట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సార్, ఒక్కసారి గీ గీత దగ్గర చూడుండ్రి," అన్నాడు.

"అజెండాల లేదు సదానందం," అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న దర్జా తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదిశేషయ్య గారు మాత్రం రెక్క అందుకున్నారు. కళ్లద్దాలు పైకి నెట్టి, తెగిన అంచు మీద బొటనవేలు రాశారు. గీత దగ్గర వేలు ఆగింది. నా వైపు చూశారు. ఏదో చెప్పడానికి నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే బుచ్చిరాములు వెనక నుంచి వచ్చి ఆయన భుజాల మీద శాలువా కప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన రెక్కను నెమ్మదిగా బల్ల మీద పెట్టారు.

"మందం పెంచితే నష్టమేం లేదండీ," అన్నారు.

నేను రాశాను: 'నాలుగు మిల్లీమీటర్లు వేయుటకు ఏకగ్రీవముగా.'

వెళ్తూ వెళ్తూ నన్ను ఇంటి దగ్గర దింపుతానని కారెక్కించుకున్నారు. పర్వత్ పాటియా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తనలో తాను మాట్లాడుకున్నట్టు మొదలుపెట్టారు.

"మా షాపులో ఉక్కు పలక మీద గోటితో గీసినంత గీత పడినా ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు సోమలింగం గారూ. దాన్ని నున్నగా అరగదీసేదాకా పలక కదలదు."

"మరి మన రెక్క సార్?"

"మందం పెరిగితే బలం పెరుగుతుంది, నిజమే. కానీ బలం వేరు, పగులును ఆపుకోవడం వేరండీ. పలచటి రేకులో పగులు వచ్చిందనుకోండి, దాని కొసన ఉన్న లోహం సాగుతుంది, నలుగుతుంది, ఒంగుతుంది. చిరగడానికి టైము తీసుకుంటుంది. మందం పెరిగేకొద్దీ లోపలున్న లోహానికి సాగే సందు ఉండదు. చుట్టూ ఉన్నదంతా దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఇంక అది సాగదు, చెప్పదు. టక్కున పోతుంది. పైగా మీరు దానిమీద అంత లోతు గాటు పెట్టారు."

"గీ మాట అక్కడ చెప్పకపోతిరి సార్."

"ముందుసారి మందం చాల్లేదని నేను క్షుణ్ణంగా పరిశీలించి తేల్చానని మీరు రాశారు కదండీ. ఇవాళ మీటింగు మొదట్లో అధ్యక్షులు దాన్ని చదివి వినిపించారు. అంత పరిశీలించినవాణ్ణి ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది? శాలువా కూడా కప్పారు." పచ్చ సిగ్నల్ పడింది. "ఏమీ కాదులెండి," అన్నారు గేరు వేస్తూ.

ఆ రోజు నాకు నిజం తెలిసింది. తెలిశాక నేను చేసింది ఏమిటంటే, మా ఇంటి గల్లీ చివర దిగి, కారు తలుపు మెల్లగా వేసి, సార్‌కు నమస్తే పెట్టడం.

నాలుగు మిల్లీమీటర్ల పలక మీద పేర్లు చెక్కనని సదానందం మొహం మీదే చెప్పాడు. దాంతో పనిని ఊరవతలి ఫ్యాక్టరీల పేట సచిన్‌లో ఒక షెడ్డుకు ఇచ్చారు. అక్కడ ఉలి దిగకపోతే గ్రైండరు పట్టి గీతలు కోశారు. ఒంపు అసలే లేదు, బల్లపరుపు పలకను కాస్త వాలుగా బిగించారు. పాత మోటారు దాన్ని తిప్పలేకపోతే పెద్ద మోటారు వేశారు. కరెంటు పెరిగింది, చప్పుడు పెరిగింది, బరువు పెరిగింది. తిప్పి చూస్తే గాలి మాత్రం ముందు వరసలో కూర్చున్నవాళ్ల మొహానికి కూడా సరిగ్గా తగల్లేదు. మందపాటి రెక్కలని చెప్పి అందరూ వేలితో కొట్టి చూసి మెచ్చుకున్నారు.

సదానందం ఊరుకోలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ హాలుకు వచ్చి, ఆడవాళ్ల ముందు రెండు ఇనుప పట్టీలు పెట్టాడు. ఒకటి పలచటిది, ఒకటి మందపాటిది. రెంటికీ రంపంతో ఒక గాటు పెట్టాడు. పలచటిదాన్ని అటూ ఇటూ ఒంచుతూ పోయాడు. గాటు దగ్గర కొద్దికొద్దిగా చిరుగుతూ చాలాసేపు వేలాడింది. మందపాటిదాన్ని బిగింపులో పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. ముక్క ఎగిరి గోడకు తగిలింది.

"పలచటిది పోయేముందు చెప్తది అక్కా. గిది చెప్పది," అన్నాడు. "జాలీ అన్న పెట్టమనుండ్రి."

జాలీ సంగతి నర్సవ్వే నన్ను అడిగింది. నేను బుచ్చిరాములును అడిగాను. "పేర్లు కనబడవు గద సోమలింగం," అన్నాడు ఆయన. నేను ఇంటికి వచ్చి నర్సవ్వకు అదే చెప్పాను.

"అయితే మేం గా ఫ్యాను పక్కకు కూసోం," అంది ఆమె. "వాకిట్ల కూసుంటం. గమ్ము ఆరకపోతే మానె."

"రేపు కొత్త రెక్కల ప్రారంభం ఉన్నది. పెద్దమనుషులు వస్తరు. కార్యదర్శి పెండ్లామే కూసోకపోతే నా ఇజ్జత్ ఏంగావాలె? జర ఒక్కరోజు కూసో."

"నీకు ఎరికేనా అది ఆగుతదో లేదో?"

ఆమె సూటిగా అడిగింది. కారులో విన్నదంతా నా నాలుక చివర ఉంది. "నాలుగు మిల్లీమీటర్లు ఉన్నదే. ఏనుగు ఎక్కినా ఏం గాదు," అన్నాను.

ఆమె కూర్చుంది. ఆమె కూర్చుంది కాబట్టి మిగతా పదకొండు మందీ కూర్చున్నారు. ప్రారంభం బ్రహ్మాండంగా జరిగింది. ఏమీ కాలేదు. రెండో రోజూ ఏమీ కాలేదు, మూడో రోజూ కాలేదు. ఒక్కరోజన్నవాణ్ణి, ఇంక లేవమని చెప్పాల్సింది. చెప్పలేదు. పైగా ప్రతి సాయంత్రం, "చూసినవా, ఏమన్న అయిందా?" అని ఎకసెక్కాలాడాను. సదానందం ఎదురుపడితే 'జాబర్ సాబ్, మీ గాటు ఎట్లున్నది' అని పలకరించాను. ఒక తకతక లేదు, ఒక వణుకు లేదు. ఫ్యాను గంభీరంగా తిరిగింది.

తొమ్మిదో రోజు పదకొండు గంటలకు నేను తాను తిప్పుతుండగా ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది, మాట తెలియడం లేదు. మగ్గాల చప్పుడులో 'నర్సక్క' అన్న ఒక్క మాటే వినబడింది. ఉన్నపళంగా పరుగెత్తాను. మూడు గల్లీల దూరం ఎలా పోయానో తెలియదు. నా లోపల మాత్రం ఒకటే వినబడుతోంది, ఏనుగు ఎక్కినా ఏం గాదు, ఏనుగు ఎక్కినా ఏం గాదు అని.

ఏ చప్పుడూ చేయకుండా రెక్క తెగి ఎగిరిందట. నర్సవ్వ ముందున్న చట్రాన్ని కొట్టింది. చట్రం చెక్క రెండుగా పగిలి, చీలిన ముక్క ఆమె ముంజేతిని మోచేతి దాకా చీరేసింది. రెక్క చట్రాన్ని దాటి వెనక గోడలో దిగబడి ఉంది. ఆమె రాయి అంటించడానికి ముందుకు వంగి ఉంది కాబట్టి తలమీదుగా పోయింది. నిటారుగా కూర్చుని ఉంటే ఏమయ్యేదో గోడలో దిగిన ఎత్తు చూస్తే తెలుస్తుంది. గల్లీ చివరి డాక్టరు తొమ్మిది కుట్లు వేశాడు. కుట్లు వేస్తున్నంతసేపూ ఆమె నా మొహం చూడలేదు.

గోడలోంచి రెక్కను పీకింది సదానందం. తుడిచి, తిప్పి చూసి, నర్సవ్వ పక్కన పెట్టాడు. అది నాది.

మర్నాడు సమావేశం. శాలువా లేదు కానీ చాయ్ వచ్చింది. ఆదిశేషయ్య గారు డ్యూటీ మానుకుని వచ్చారు, మొహం పాలిపోయి ఉంది. బుచ్చిరాములు గొంతు సవరించుకున్నాడు.

"జరిగింది శాన బాధాకరం. ఇప్పుడు ఏం జేయాల్నంటే, నాలుగు చాలలేదు. ఆరు ఏద్దాం. ఏమంటరు సార్? సోమలింగం, రాసుకో."

నేను కలం తీశాను. నిజం చెప్పాలి, తీశాను. 'మందము చాలకపోవుట' దాకా రాశాను కూడా. ఆ చేతికి అలవాటైన మాట అది.

అప్పుడు నర్సవ్వ వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది, రెండో చేతిలో పాత చీర ముక్కలో చుట్టిన మూట. ఆడవాళ్లు పదకొండు మంది వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అజెండాలో లేదని అనడానికి ఈసారి నాకు నోరు రాలేదు. ఆమె మూటను మినిట్స్ పుస్తకం మీదే పెట్టి విప్పింది.

తెగిన అంచు పైకి ఉంది. సాగిన గుర్తు లేదు, నలిగిన గుర్తు లేదు, ముడత లేదు. గీతలోంచి మొదలై ఈ కొస నుంచి ఆ కొస దాకా కత్తితో కోసిన బెల్లం అచ్చులా తిన్నగా, గరుకుగా, బూడిద రంగులో ఉంది. ఆదిశేషయ్య గారు దాన్ని చూశారు, తర్వాత నర్సవ్వ కట్టు చూశారు.

"ఇక్కడ మొదలైందమ్మా," అన్నారు గీత మీద వేలు పెట్టి. "మందం వల్ల కాదు. పలచటి రేకే మంచిది, గీత లేకుండా. నాకు ఆ రోజే తెలుసు. కారులో సోమలింగం గారికి చెప్పాను కూడా."

నర్సవ్వ మెల్లగా నా వైపు తిరిగింది. కుట్లు వేసేటప్పుడు కూడా చూడనిది, ఇప్పుడు చూసింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో నన్ను ఎన్నోసార్లు తిట్టింది. అలా మాత్రం ఎప్పుడూ చూడలేదు. భూమి నోరు తెరిస్తే బాగుండనిపించింది.

బుచ్చిరాములు చాయ్ గ్లాసు కింద పెట్టి, "అది సరే గని, మరి పేరు?" అన్నాడు. నిజంగానే దిగులుగా అడిగాడు పాపం.

"పేరు మంచిగనే ఉన్నది అన్నా," అంది నర్సవ్వ. ఆమెకు చదువు రాదు. నా పేరు మాత్రం గుర్తుపడుతుంది, రేషను కార్డు మీద చూసి. మంచి చేతి వేలితో అక్షరం అక్షరం తడిమి చూపించింది. "గోడల దిగినా, చట్రం పలిగినా, నా చెయ్యి తెగినా, ఒక్క అక్షరం గూడ పోలే. మీరు చూసుకోండ్రి."

ఆమె వెళ్లిపోయింది. ఆడవాళ్లంతా ఆమె వెంటే వెళ్లారు. ఆ సాయంత్రమే సదానందం మిల్లీమీటరు రేకుతో మూడు రెక్కలు చేసి, జాలీ బిగించి, ఎవరినీ అడగకుండా ఫ్యాను నిలబెట్టాడు. రెక్కల మీద ఏమీ లేదు. హాలు చివర క్యాలెండరు మళ్లీ కొట్టుకుంటోంది.

నేను మినిట్స్ పుస్తకంలో సగం రాసిన వాక్యాన్ని కొట్టేసి, దాని కింద, 'రెక్క గీత దగ్గర తెగినది. గీత కొట్టమన్నది కార్యదర్శి. తెగునని తెలిసి కూడా భార్యను అక్కడ కూర్చోబెట్టినది కార్యదర్శి' అని రాశాను. బుచ్చిరాములు చదివి సంతకం చేయనన్నాడు. అయితే నేనే చేస్తానన్నాను. సంతకం చేసి, అలవాటు కొద్దీ కలం పేరు కిందికి దించి, ఎడమ నుంచి కుడికి లాగబోయి ఆపాను. కలం అక్కడే కాసేపు ఆగినందుకు కాగితం మీద ఒక సిరా చుక్క పడింది. దాన్ని అలాగే ఉంచాను.